మంగళవారం టికెట్

కంప్యూటర్ ముందు కూర్చోగానే కైలాసం మొదట చేసే పని నిన్నటి జాడలన్నీ తుడిచేయడం. ఏ ఊరికి విమానం వెతికాడో, ఏ రేటు చూశాడో, ఒక్కటీ మిగల్చడు. మనకు అవసరముందని తెలిస్తే కంపెనీవాళ్లు రేటు పెంచేస్తారని ఆయన గట్టి నమ్మకం. అది నిజమో కాదో ఆ దేవుడికే తెలియాలి. ఒకే ఊరి పేరు రెండోసారి కొట్టాల్సి వస్తే మాత్రం ఇంటికి ఫోన్ చేసి, "జర నీ ఫోన్ల చూసి చెప్పు" అని భార్య వినోదను సతాయిస్తాడు.

"కూరగాయలోల్లతోని చాలదా, గీ ఇమానాలోల్లతోని సుత బేరమేనా?" అంటుంది వినోద. అంటూనే చూసి చెబుతుంది.

లక్సెట్టిపేట బస్టాండు దగ్గర, మందుల షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య ఇరుక్కున్న దుకాణం అది. ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు స్టూళ్లు. కైలాసం యాభై దాటిన మనిషి. బక్కపలచని ఒళ్లు, ముందుకు ఒంగిన భుజాలు, నెరిసిన కనుబొమలు. వయసులో ఉండగా బొంబాయి పక్కన భీవండిలో మరమగ్గాల మధ్య పనిచేయడం వల్ల ఎడమ చెవి సరిగా వినబడదు. అందుకే పక్కనున్న మనిషితో కూడా రోడ్డవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆ రోజుల్లో ఇంటికి రావాలంటే జనరల్ బోగీలో, పాయిఖానా తలుపుకు వీపు ఆనించి, కాళ్లు వాచేదాకా నిలబడి వచ్చేవాడు. ఇప్పుడు తన ఊరివాళ్లు కిటికీ పక్కన కూర్చుని మబ్బులు చూసుకుంటూ పోతున్నారంటే ఆయనకు ఎక్కడలేని సంతోషం. ఒకసారి ఒక పెళ్లిబృందాన్ని బస్సు చార్జీకన్నా తక్కువకు సూరత్ దాకా విమానంలో పంపాడు. అప్పట్నుంచి ఊళ్లో ఆయన పేరు 'ఇమానం కైలాసం'. అలా పిలిస్తే విసుక్కుంటాడు గానీ లోలోపల మురిసిపోతాడు.

ఆయన అనుభవంలో చవగ్గా దొరికేది మంగళవారం. మంగళవారం పయనమంటేనేమో జనం చెవులు మూసుకుంటారు. దానికి విరుగుడుగా కైలాసం పాతకాలపు ప్రస్థానాన్ని పట్టుకొచ్చాడు. ముందే మంచిరోజు చూసి, సంచి సర్ది పక్కింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. పక్కింటికి బదులు ఆయన తన దుకాణం చూపించాడు, అంతే. సోమవారం వచ్చిందంటే జిరాక్సు మిషను వెనక సంచులు బారులు తీరుతాయి.

ఈ సోమవారం ఒక్క సంచే వచ్చింది. అది బుచ్చిరాములుది. దీపావళి దగ్గరపడటంతో టికెట్లు మండిపోతున్నాయి, సరదాకు వెళ్లేవాళ్లెవరూ లేరు. బుచ్చిరాములుది సరదా ప్రయాణం కాదు. భీవండిలో ఆయన అన్న పరశురాములు మంచంలో ఉన్నాడు. మగ్గాల దూది పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి, ఇక ఇంటికి తీసుకెళ్లమని దవాఖానావాళ్లు చెప్పేశారు. చిన్నప్పుడే తండ్రి పోతే బుచ్చిరాములును పెంచింది ఆ అన్నే. పోయి చూద్దామంటే ఈయన నడుముకు ఆపరేషనైంది. హైదరాబాదు దాకా ఎలాగో ఓర్చుకుంటాడు గానీ, రాత్రంతా బస్సులో కూర్చుని బొంబాయి దాకా వెళ్లడం వల్లకాదు.

"అల్లుడా, మనసు నిలుస్తలేదు," అన్నాడు బుచ్చిరాములు సంచి దించి. "రేపటిదాంక ఎందుకు, ఇయ్యాల్నే పోవుడైతదా?"

కైలాసం వెతికాడు. ఆ రాత్రి విమానానికి సీట్లున్నాయి. రేటు మాత్రం ముందే కొన్న మంగళవారం టికెట్‌కు రెండింతల పైమాట. అది చూడగానే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క దినానికి గంత పైస పారబోస్తరా మామా! రేపు రాత్రికి మీ అన్న పక్కన కూసోని బువ్వ తింటవు. ఫికర్ జెయ్యకు. సంచి పెట్టినవంటే బయలెల్లినట్టే."

బుచ్చిరాములు మిషను వెనక ఉన్న సంచివైపు చూశాడు. ముఖంలో కంగారు కొంచెం తగ్గింది. "అంతేనంటవా," అని, నడుం పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అన్ని రోజుల్లాగే పని నడిచింది. ఆధార్ కార్డుల జిరాక్సులు, ఒక రైలు టికెట్, మస్కట్ పోయే ఒకాయనకు బొంబాయి విమానం. కైలాసం చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు అక్కడ లేదు. వినోద మధ్యాహ్నం అన్నం తెచ్చేసరికి మళ్లీ ఆ రాత్రి విమానమే చూస్తూ కూర్చున్నాడు. రేటు ఇంకా పెరిగింది. ఇప్పుడు ఫోన్ చేసి బస్సెక్కిస్తే విమానం అందుతుంది.

వినోద ఆయన ముఖం చూసింది. "బుచ్చిరాములు మామను ఇయ్యాల్నే పంపరాదా? ఎక్కువైన పైసలు మనమే ఏసుకుందం."

"పంపితే రేపటి టికెట్ మునుగుతది. తక్కువ రేటుది వాపస్ రాదు."

"మునిగితే మునగనియ్. ఆడ మనిషి ఉంటడో పోతడో!"

కైలాసం ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నంబరు కూడా తీశాడు. ఇన్నేళ్లలో ఏనాడూ ఎక్కువ రేటుకు టికెట్ కొననివాడు. కొందామనుకున్నా వేలు కదలడం లేదు. తల తిప్పితే బుచ్చిరాములు సంచి నిబ్బరంగా కూర్చుని కనబడింది.

"సంచి బయలెల్లిందిగదనే," అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి అన్నం కలుపుకున్నాడు.

వీధిదీపాలు వెలిగే వేళకు బుచ్చిరాములు వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. పిలవకుండానే స్టూలు మీద కూర్చున్నాడు.

"మా అన్న పోయిండు అల్లుడా."

కైలాసం వినబడనట్టు చూశాడు. ఆయనకు బాగానే వినబడింది.

"బుచ్చడు వచ్చిండా అని అడిగిండట. రేపొస్తడని మా అరుణ్ చెప్పిండట, వాడు అన్న కొడుకు. అయితే రేపు లేపుండ్రి అన్నడట. అని పండుకున్నడట. మల్ల లేవలే."

కైలాసం చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి పోయింది. "రాత్రి ఇమానం చూస్త మామా, ఎంతైన సరే, నేనే..."

"అందదు. రాత్రికే కాలవెడ్తరట. ఆడ ఆగరు."

కైలాసం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. "తప్పయింది మామా. పొద్దుగాల నువ్వు అడిగినప్పుడే పంపేదుండె. పగటీలి బువ్వ యాల్లకు సుత చూసిన. చూసి సుత పంపలే."

"నిన్ను తిట్టాలనే వచ్చిన," అన్నాడు బుచ్చిరాములు. "తొవ్వల యాదికొచ్చింది. సంచి పెట్టినంక నేను సుత నిమ్మళమైన. పగటీలి మంచిగ నిద్రపోయిన అల్లుడా! మా అన్న ఆడ అట్ల ఉంటే నాకు నిద్రెట్ల పట్టిందో!" కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కైలాసం కూడా ఏడ్చాడు.

కాసేపటికి బుచ్చిరాములు ముఖం తుడుచుకున్నాడు. "రేపు పోత. పెట్టిన సంచిని ఉత్తగ ఇంటికి మలపద్దంటరు. మూడొద్దుల కర్మకన్న ఉంట."

లేచి వెళ్లి, మిషను వెనక ఒంగి సంచి జిప్పు తీశాడు. బట్టల కిందినుంచి ఒక పాత తువ్వాల మూట బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. విప్పితే నాలుగు సీతాఫలాలు.

"మన గుట్ట పండ్లంటే అన్నకు పానం. రేపటికి మాగేటియి చూసి తెంపుకొచ్చిన. ఇగ ఇవి అటు ఎందుకు?" అన్నాడు.

మర్నాడు పొద్దున కైలాసం సంచి తానే మోసి, బుచ్చిరాములును హైదరాబాదు బస్సు ఎక్కించాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, దుకాణానికి వచ్చి తలుపు తీశాడు. లోపలంతా తియ్యటి వాసన. కంప్యూటర్ వేయకుండా స్టూలు మీద కూర్చుని, తువ్వాల మీది సీతాఫలాలను ఒక్కొక్కటే వేలితో నొక్కి చూశాడు. నాలుగూ మాగాయి.