జేబులో పట్టే కెమెరా

ఈమధ్య ప్యాంట్లకు జేబులు దేనికి కుడుతున్నారో దర్జీలకే తెలియాలి. చెయ్యే సరిగా దూరదు, ఇక కెమెరా ఎక్కడ పడుతుంది? మా ఊరి లైబ్రేరియన్‌గారి బాధ అదే. ఏడాదిపాటు ఊళ్లు తిరగాలని ఆయనా భార్యా జీతం లేని సెలవు పెట్టారు. ఒక్క చిన్న కెమెరా కొంటే బయల్దేరడమే. అలా నాలుగు నెలలు గడిచాయి. ఆయన కనబడగానే కెమెరాల షాపువాడు నిట్టూర్చి కుర్చీ వేస్తున్నాడు.

జూమ్ ఉన్నది బరువు. తేలికైనదానికి జూమ్ లేదు. ఆ బరువు మోయగలనో లేదో చూద్దామని ఆయన మూడు సబ్బులు కాగితంలో చుట్టి, జేబులో వేసుకుని వారం రోజులు వీధులు తిరిగారు. ఏడో రోజు వాన పడి తొడంతా నురగ వచ్చింది.

"ఏమండీ, మీరు తేల్చేలోపు నా మోకాళ్లు పోతాయి," అంది భార్య.

"వచ్చే నెల కొత్త మోడల్ వస్తోందటే. ఒక్క నెల ఆగుదాం."

"పోయిన నెలా ఇదే మాట! మీరు ఆ సబ్బులతో కాపురం చేసుకోండి. నేను పోతున్నా."

అన్నట్టే సోమవారం బస్సెక్కింది. నిన్న ఫోన్ చేసి, "రేపు సాయంత్రం దాకా నేను దిగిన ఈ ఊళ్లోనే ఉంటా. వస్తే రండి, లేకపోతే మానండి," అని పెట్టేసింది.

ఆ రేపు ఈరోజే. ఆయన షాపులో రెండు చేతుల్లో రెండు కెమెరాలు పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రానికి ఆవిడ దగ్గరికి చేర్చే ఆఖరి బస్సుకు గంటే ఉంది. అమ్మా, అయ్యా, తెలిసినవాళ్లెవరైనా కాస్త చెప్పండి: జూమా, తేలికా? ఆయన తరఫున నేను మీ కాళ్లు పట్టుకుంటాను, రెండూ బాగున్నాయని మాత్రం అనకండి.