ఎనిమిది గంటల టైంటేబుల్

ఎనిమిదీ అయిదుకు గేటు పడింది. ఎనిమిదింబావుకు వేర్‌హౌజ్ బస్సు వచ్చి ఆగింది. నలభై మంది దిగారు. రాత్రంతా పెట్టెలు మోసి, నిద్ర లేని కళ్ళతో, పుస్తకాలు చంకలో పెట్టుకుని గేటు ఊచలు పట్టుకున్నారు.

"జంగయ్యన్నా, ఇయ్యాల ఇంటర్నల్ పరీక్ష. జర తెరువే!" అని అరిచింది సునీత.

"తాళంచెవి నా దగ్గర లేదు బిడ్డా. నిన్న పదిమందిని ఇడిసిన అని సారు గుంజుకున్నడు. ఏం చెయ్యాలె నేను?" అన్నాడు వాచ్‌మన్ జంగయ్య, తల ఎత్తకుండా.

కిటికీలోంచి కళ్యాణి చూస్తూనే ఉంది. శంషాబాద్ దాటాక, విమానాలు నెత్తిమీదుగా దిగేచోట ఉన్న ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె అకడమిక్ సెక్షన్ గుమాస్తా. టైంటేబుళ్ళు, హాజరు పట్టికలు, కమిటీ తీర్మానాలు అన్నీ ఆమె చేతిరాతే. ఆ తాళంచెవి ఎక్కడుందో ఆమెకు తెలుసు. ప్రిన్సిపాల్ హరిప్రసాద్ బల్లమీద, కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు బిళ్ళ పక్కన ఉంది.

ఈ ఎనిమిది గంటల క్లాసు ఎట్లా పుట్టిందో కూడా ఆమెకు తెలుసు. జూన్ దాకా కాలేజీ తొమ్మిదిన్నరకు మొదలయ్యేది. రాత్రి పనిచేసే పిల్లలు మొహం కడుక్కుని, ఒక చాయ్ తాగి వచ్చి కూర్చునేవాళ్ళు. జూన్‌లో ప్లానింగ్ కమిటీ కూర్చుంది. ఆ పిల్లలు చదివే తెలుగు మీడియం బీకాం ఎత్తేసి, ఆ గదుల్లో విమానాల్లో కొలువులకు తయారుచేసే కోర్సు పెట్టాలని యాజమాన్యం ఆలోచన.

"ఉన్నట్టుండి ఎత్తేస్తే గొడవ చేస్తారండీ," అన్నాడు హరిప్రసాద్. "వాళ్ళంతట వాళ్ళే పోవాలి. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వం. రెండు సెమిస్టర్లు చాలు."

"వేర్‌హౌజ్ బస్సు ఎన్నింటికి వస్తది?" అని అడిగాడు సెక్రటరీ.

"ఎనిమిదింబావుకండీ."

"అయితే క్లాసు ఎనిమిదికి పెట్టుండ్రి."

అందరూ నవ్వారు. 'విద్యార్థుల క్రమశిక్షణ దృష్ట్యా' అని తీర్మానం రాసింది కళ్యాణి. ఆమె ఇంటివాళ్ళ భూమి విమానాశ్రయం కింద పోయింది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. రాయనంటే రేపు ఇంకొకరు రాస్తారని తనకు తాను చెప్పుకుంది.

గేటు బయట గోల పెరిగింది. జీవన్ అనే ఫైనలియర్ పిల్లవాడు ప్రహరీ గోడ దగ్గరికి పోయాడు. అప్పటికే రెండు పరీక్షలు పోయాయి వాడివి. ఇది కూడా పోతే ఏడాది పోతుంది.

"ఒద్దురా జీవన్, మీద సువ్వలున్నయి!" అని సునీత అంటూనే ఉంది.

వాడు ఎక్కాడు. రాత్రి పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన కాళ్ళు. ఒక కాలు అటు వేశాడు, రెండోది జారింది. గోడమీది ఇనుప చువ్వ తొడలో దిగి, చీల్చుకుంటూ వాణ్ణి లోపలివైపు పడేసింది.

నెత్తురు ఊటబుగ్గలాగా ఎగజిమ్మింది. జంగయ్య తన తువ్వాల తీసి బిగించి కట్టాడు. కట్టిన తువ్వాల క్షణంలో తడిసిపోయింది. కళ్యాణి ప్రిన్సిపాల్ గదిలోకి ఉరికింది.

"సార్, పిలగాడు పడ్డడు. రక్తం ఆగుత లేదు. చెవి ఇయ్యండి సార్, దవాఖానకు తీస్కపోతరు!"

హరిప్రసాద్ తలుపు దగ్గరగా వేశాడు. "మెల్లగా మాట్లాడండి. పక్క గదిలో యూనివర్సిటీ తనిఖీ బృందం టిఫిన్ చేస్తోంది. ఇప్పుడు గేటు తీస్తే ఆ నలభై మందీ లోపలికొచ్చి అరుస్తారు. బృందం మేడమీదికి వెళ్ళనివ్వండి, అప్పుడు పంపిద్దాం."

"సార్..."

"కూర్చోండి!"

తాళంచెవి చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. కళ్యాణి కూర్చుంది.

జంగయ్య రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. మూడోసారి రాలేదు. బండరాయి తీసుకుని తాళం మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఆ దెబ్బలు ఆఫీసు దాకా వినబడ్డాయి. "ఏమిటా శబ్దం?" అని బృందంలో ఎవరో అడిగారు. "మరమ్మతు పనులండీ," అన్నాడు హరిప్రసాద్.

తాళం పగిలేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఆటోలో సునీత ఒళ్ళో తల పెట్టుకుని పోయిన జీవన్, దవాఖాన దారిలో అత్తాపూర్ దాటకముందే ప్రాణం విడిచాడు.

సాయంత్రం నాలుగింటికి జంగయ్యను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత హరిప్రసాద్ కళ్యాణిని తన గదికి పిలిచి, తీర్మానాల పుస్తకం ముందు పెట్టాడు.

"హాజరు తక్కువైనందున జీవన్ పేరును కమిటీ తొలగించిందని రాయండి. వారం కిందటి తేదీ వేయండి. పేరు లేదంటే మన విద్యార్థి కాడు. గోడ దూకిన బయటివాడు."

కళ్యాణి తేదీ వేసింది. 'హాజరు తక్కువైనందున' అని కూడా రాసింది. పేరు దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఉదయం కూర్చున్న కుర్చీ అదే. చచ్చిన పిల్లవాణ్ణి మళ్ళీ ఒకసారి తన చేతులతో తీసెయ్యాలి.

"నాతోని కాదు సార్," అంది.

"ఉద్యోగం వద్దా?"

ఆమె కలం కింద పెట్టింది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున ఆరింటికే శవాన్ని గేటు ముందు దించారు. విద్యార్థులు, ఊడ్చేవాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు రోడ్డంతా నిండిపోయారు. వాదన మొదలైంది.

"అద్దాలన్ని పలగ్గొడదాం!" అన్నాడు రాజు, జీవన్ పక్కన పెట్టెలు మోసేవాడు.

"పలగ్గొడితే కేసులు మన మీద పెడ్తరు. హాల్‌టికెట్లు ఆపుతరు," అన్నారు ఇంకొకరు.

"హాల్‌టికెటా? గీడ మనిషి సచ్చిండు!"

గుంపును తోసుకుంటూ కళ్యాణి వచ్చి సునీత ముందు నిలబడింది. "నేను మాట్లాడాలె," అంది.

"ఆఫీసుదానివి, నీకేం పని గీడ?"

"నిన్న చెవి నా ముంగటనే ఉండె. సారు కూసోమంటే కూసున్న. నేను లేచుంటే బతుకుతుండెనేమో."

జీవన్ తల్లి భారతమ్మ లేచి వచ్చి కళ్యాణి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఎవరూ ఆపలేదు. కళ్యాణి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. తర్వాత సంచిలోంచి పుస్తకం తీసి, "గిది సదవండి," అని సునీత చేతికిచ్చింది.

సునీత గట్టిగా చదివింది. జూన్ తీర్మానం చదివింది. నిన్నటి అసంపూర్ణమైన వాక్యం చదివింది. ఆ తీర్మానం వెనకున్న మాటలు, బస్సు టైం అడిగిన తీరు, ఆ నవ్వులు కళ్యాణి నోటితో చెప్పింది.  ఇన్నాళ్ళూ తామే ఆలస్యంగా వస్తున్నామనుకున్నారు ఆ రాత్రిపని పిల్లలు. తప్పు తమదే అనుకుని ఒక్కొక్కరే ఇంటికి మళ్ళారు. ఇప్పటికే పదిహేను మంది చదువు మానేశారు.

"అంటే మనల్ని ఎల్లగొట్టనీకి లెక్క చూసి పెట్టిండ్రా ఎనిమిదికి?" అన్నాడు రాజు. వాడి చేతిలోని రాయి జారిపోయింది. "ఇగ అద్దాలెందుకు? నడి తొవ్వల కూసుందాం. ఎవడు లేపుతడో చూద్దాం."

పోలీసులు రెండు వ్యాన్లలో వచ్చారు. కాలేజీ రికార్డు దొంగిలించిందని కళ్యాణి మీద ఫిర్యాదు ఉందన్నాడు సీఐ. లాఠీలు లేచాయి. పుస్తకం లాక్కోబోతే సునీత వేళ్ళు చితికాయి. కానీ అప్పటికే ప్రతి పేజీ వంద ఫోన్లలోకి ఎక్కింది. కళ్యాణిని జుట్టు పట్టి వ్యాన్‌లోకి తోశారు.

వ్యాన్ ముందుకు కదలబోయింది. భారతమ్మ వచ్చి చక్రాల ముందు కూర్చుంది.

"లెవ్వమ్మా. నీ కొడుకును సంపినోళ్ళల్ల ఆమె గూడ ఉన్నది. ఆమె కోసం కూసున్నవా?" అన్నాడు సీఐ.

"ఆమెను కొట్టెటిదాన్ని నేను, నువ్వు కాదు," అంది భారతమ్మ. "నా కొడుకు గీ కాలేజీల సదివిండని రాసియ్యాలె. టైం తొమ్మిదిన్నరకు మార్చాలె. గప్పటిదాక లెవ్వ."

సునీత ఆమె పక్కన కూర్చుంది. రాజు కూర్చున్నాడు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తరగతులు వదిలి గేటు దాటి వచ్చారు. ఎనిమిదింబావుకు వేర్‌హౌజ్ బస్సు వచ్చింది. దాని వెనక ఇంకో మూడు. ఇంటికి పోవాల్సిన వాళ్ళు కూడా దిగారు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనుషులు వరుసలుగా కూర్చున్నారు.

సీఐ హారన్ కొట్టమన్నాడు. డ్రైవర్ కొట్టాడు. ఒక్కరూ కదలలేదు. డ్రైవర్ అద్దంలోంచి వెనక కూర్చున్న కళ్యాణిని చూశాడు, ముందు కూర్చున్న తల్లిని చూశాడు.

ఇంజను ఆపేశాడు.