ఊరికే చూస్తున్నానండీ

అవసరం ముఖంలో కనబడకూడదన్నది గడుసుపిల్లకు వాళ్లమ్మ నేర్పిన మొదటి పాఠం. బకెట్ కావాల్సినవాడు ముందు మగ్గు అడగాలి. మగ్గు బేరం తెగకుండా నాన్చి, ఇక వెళ్లిపోతున్నట్టు నటిస్తూ "అవునూ, ఆ బకెట్ ఎంత?" అనాలి. అప్పటికి విసిగిపోయిన అమ్మేవాడు దిగొస్తాడు. బస్టాండు ఎదుట పేవ్‌మెంట్ మీద ప్లాస్టిక్ సామాను పరుచుకుని కూర్చునే ఆ తల్లికి ఈ విద్య రెండువైపుల నుంచీ తెలుసు.

కూతురు ఆ విద్యతోనే కాలేజీ లైబ్రరీలో అడుగుపెట్టింది. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లల కోసం కాలేజీవాళ్లు సెలవుల్లో పెట్టిన శిక్షణకు వచ్చింది. ఆఖర్న ఒక వ్యాసం రాయాలి, ఆధారాలు లైబ్రరీలో తామే వెతుక్కోవాలి. వ్యాసం నెగ్గితే సీటు. లేదంటే తిన్నగా బకెట్ల మధ్యకే.

తక్కిన పిల్లలు లైబ్రేరియన్ బల్ల చుట్టూ ఈగల్లా మూగారు. గడుసుపిల్ల మాత్రం అరల మధ్యనే తచ్చాడింది. "ఏం కావాలమ్మా?" అని ఆవిడ పలకరించినప్పుడల్లా ఒకటే జవాబు.

"ఊరికే చూస్తున్నానండీ."

పేవ్‌మెంట్ ఖాళీ చేయిస్తే అక్కడి చిన్న వ్యాపారులు ఏమైపోతారన్నది ఆమె రాయదలచిన విషయం. అది పైకి అంటే రెండు నష్టాలని లెక్కేసుకుంది. ఇంత అవసరమని తెలిస్తే ఆవిడ బిగుసుకుంటుంది. పైగా తనెక్కడి పిల్లో నలుగురికీ తెలిసిపోతుంది. అందుకే 'వ్యాపారం' అని రాసున్న లావుపాటి పుస్తకాలన్నీ తనే దింపుకుని తిరగేసింది. ఎక్కడ చూసినా ఫ్యాక్టరీలు, షేర్లు. బకెట్లు అమ్మేవాళ్ల ఊసే లేదు.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రానికల్లా వ్యాసం ఇచ్చెయ్యాలి. మధ్యాహ్నం వేళ, ఇక తప్పదని బల్ల దగ్గరకెళ్లి మగ్గు బేరం మొదలుపెట్టింది.

"బట్టలకు రంగులెలా అద్దుతారో చెప్పే పుస్తకాలేమైనా ఉన్నాయా అండీ?"

ఆవిడ లేవంటుంది, లేదా విసుక్కుంటుందని పిల్ల లెక్క. అప్పుడు మెల్లగా అసలు మాట జారవిడవచ్చు. కానీ లైబ్రేరియన్ తెరవబోతున్న టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి లేచింది. స్టూలెక్కింది, దిగింది, మెట్లు దిగి పాత పుస్తకాల గదిలోకి వెళ్లింది. చాలాసేపటికి చంకలో పుస్తకాలతో, భుజం మీద బూజుతో తిరిగొచ్చింది. చదవాల్సిన పేజీల దగ్గర కాగితం ముక్కలు కూడా పెట్టుకొచ్చింది.

"ముందు ఇది చదువు. ఇందులో బొమ్మలు బాగుంటాయి."

గడుసుపిల్ల ఆ పుస్తకాల వంకా, ఆవిడ భుజం మీది బూజు వంకా చూసింది. కొనని మగ్గు కోసం దుకాణమంతా దింపిన మనిషిని ఆమె ఏ బజారులోనూ చూడలేదు.

"దీనివల్ల మీకేంటండీ లాభం?"

"జీతమిస్తారుగా."

"ఎవరూ ఏమీ అడక్కపోతే?"

"అప్పుడూ ఇస్తారు."

"మరి అన్నం మానేసి ఎందుకు వెతికారు?"

"బాగుంది! అడిగావు కాబట్టి."

ఏ వైపు నుంచి కూడినా ఆ లెక్క కుదరలేదు. పిల్ల తల దించుకుంది.

"నాక్కావలసింది ఇది కాదండీ. మా అమ్మ పేవ్‌మెంట్ మీద బకెట్లు అమ్ముతుంది. వాళ్లందర్నీ అక్కణ్ణుంచి లేపేస్తే ఏమవుతుందో రాయాలి."

లైబ్రేరియన్ బూజు దులుపుకుంటూ ఆగిపోయింది. "ఓసి నీ గడుసుతనం కూలా! ఇంతసేపు నన్ను ఉత్తపుణ్యానికి తిప్పావా?" అంది. మరుక్షణమే కుర్చీ దగ్గరకు లాగింది. "కూర్చో. ఇది బజారు కాదే తల్లీ. ఇక్కడ నీ అవసరం ఎంత విప్పి చెబితే సరుకు అంత తేలిగ్గా దొరుకుతుంది."

ఈసారి స్టూలెక్కే పని పడలేదు. పేవ్‌మెంట్ వ్యాపారుల మీద పుస్తకం రెండో వరుసలోనే దొరికింది. పిల్ల ఆత్రంగా చదివి, ఒక పేజీ దగ్గర మొహం చిట్లించింది.

"లేపేస్తే వేరే పని చూసుకుంటారట! అంతా అబద్ధం. మా అమ్మావాళ్లు పక్క సందులోకెళ్లి, సద్దుమణిగాక మళ్లీ వచ్చేస్తారు. అమ్మే ఎన్నోసార్లు చెప్పింది."

"అయితే అదే రాయి. పుస్తకం ఏమందో రాసి, మీ అమ్మ ఏమందో దాని పక్కన పెట్టు. చెప్పిన మనిషిని కూడా ఆధారంగా చూపించొచ్చు. పేరు, చేసే పని, ఎప్పుడు చెప్పిందో రాస్తే చాలు."

గేటు మూసే వేళకు గడుసుపిల్ల తన వ్యాసం శిక్షణ నడిపే మేష్టారి చేతిలో పెట్టింది. ఆయన నిలబడే మొదటి రెండు పేజీలు చదివి, అక్కడే కుర్చీలో కూర్చుని మిగతావీ చదివాడు. ఆధారాల దగ్గర వేలు ఆగింది.

"ఎవరీవిడ? ఏ పుస్తకం రాశారు?"

"పుస్తకమేం లేదు సార్. మా అమ్మ."

"మనిషి చెప్పింది నిజమో కాదో నేను సరిచూసుకోవద్దూ? ఎక్కడ దొరుకుతారు?"

"బస్టాండు ఎదురుగా పేవ్‌మెంట్ మీద సార్," అంది పిల్ల, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా. "ఎప్పుడైనా రండి. బకెట్ మాత్రం అడక్కండి, అంటగట్టకుండా వదలదు."

మేష్టారు నవ్వుతూ కలం తీసి, సీటు వచ్చినవాళ్ల వరుసలో ఆమె పేరు కలిపాడు.