బయల్దేరినమమ్మా

అయినా అదేం లోకంలో లేని అబద్ధమా, ఈ హైదరాబాదులో ఎవరు చెప్పరు, పెళ్ళివాళ్ళు ఫోన్ చేస్తే తలకు నూనె పెట్టుకుంటూ కూడా బయల్దేరినం అనే అంటాం, కుచ్చిళ్ళు ఇంకా చేతిలోనే ఉన్నా నాంపల్లి దాటినం అంటాం, మా ఆయన ఎల్లేష్ అయితే స్కూటర్ తాళం వెతుక్కుంటూ అయిదు నిమిషాల్ల నీ ముంగట ఉంట అంటాడు, వినేవాళ్ళకూ తెలుసు, అయిదు నిమిషాలంటే అరగంట అని వాళ్ళే లెక్కేసుకుంటారు, మరి నేనొక్కదాన్ని పప్పుకు పోపు పెట్టకముందే బయల్దేరినమమ్మా అన్నానంటే కొంపలేం మునిగాయి, మునిగాయి, మునిగాయి జమునా, ఎందుకంటే నువ్వు ఆ మాట చెప్పింది పెళ్ళివాళ్ళకు కాదు, కోటేశ్వరమ్మగారికి, కళ్ళు కనపడని మనిషికి, నీ ఫోన్ పెట్టెయ్యగానే ఆమె ఇన్సులిన్ సూది పొడుచుకుంటుంది.

ఆటో కదలదు, నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద ముందొక బస్సు, వెనకొక బస్సు, నుమాయిష్ ఎగ్జిబిషన్ ఇంకా వారం రోజులే ఉందని మధ్యాహ్నం కాకముందే ఊరంతా ఇటే వచ్చి పడింది, డ్రైవర్ వెనక్కి తిరిగి ఆదివారం గిట్లనే ఉంటది, జర సబర్ చెయ్యమ్మా అంటాడు, ఓపిక నేను పడతానయ్యా, ఆమె రక్తం పడుతుందా, ఫోన్‌లో పన్నెండూ యాభై రెండు, నేను ఆమెకు చెప్పింది పన్నెండూ పదికి, పదికి చెప్పి ఇరవైకి ఇల్లు దాటుదామనుకున్నా, ముప్పై అయిదుకల్లా ఆమె గడపలో ఉందామనుకున్నా, ప్రతి ఆదివారం అట్లాగే నడుస్తోంది, ఇవాళే ఆవాలు చిటపటమనకముందే గ్యాస్ అయిపోవాలా, రెండో సిలిండర్ దొర్లించుకొచ్చి బిగిస్తే వాసన, చూస్తే లోపలి రబ్బరు లేదు, కింది ఇంటి విజయ దగ్గర అడుక్కొచ్చి పెట్టేసరికి అరగంట పోయింది, అప్పుడైనా ఫోన్ చేయాల్సింది, చేయలేదు, ఆటో ఎక్కి ఆ ఆలస్యం సర్దేస్తాననుకున్నా, పెద్ద సర్దేదాన్ని దొరికాను. కరోనా ఏడాది మా గల్లీలో ఏడు ఇళ్ళవాళ్ళం మొదలుపెట్టాం, రోజుకో ఇల్లు, మనం వండుకునేదాంట్లోనే అయిదుగురికి ఎక్కువ వండి మంచం దిగలేనివాళ్ళకు, మెట్లు దిగలేనివాళ్ళకు క్యారియర్ ఇచ్చి రావడం, ఆదివారం మాది, ఎల్లేష్, మా బిడ్డ రజని నాంపల్లి వైపు నలుగురికి ఇచ్చొస్తారు, ఆబిడ్స్ వైపు కోటేశ్వరమ్మగారు నా వంతు, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో పాత మేడ, రెండో అంతస్తు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పదేళ్ళప్పుడు తెనాలి నుంచి వాళ్ళ నాన్నతో వచ్చి ఇక్కడే ఉండిపోయింది, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్ళు ఆపరేటరు, పెళ్ళి వద్దనుకుంది, షుగరు ఆమె కళ్ళు తీసుకుంది కానీ దర్జా తీసుకోలేకపోయింది, పెన్నులాంటి ఆ సూదిని టక్కు టక్కుమని తిప్పి పద్దెనిమిది చప్పుళ్ళు లెక్కబెట్టుకుని తనే పొడుచుకుంటుంది, అన్నానికి అరగంట ముందు వేసుకోమన్నాడట డాక్టరు, ఆ అరగంట ఎప్పుడు మొదలైందో ఆమెకు చెప్పేది మా ఫోనే, అన్నం ఆలస్యమైతే చెమటలు పట్టి, చేతులు వణికి, నేను పడిపోతానర్రా అని మా ఏడిళ్ళవాళ్ళకూ మొదటి రోజే నవ్వుతూ చెప్పింది, ఆ నవ్వు విన్నాను, మాట వినలేదు.

ఫోన్ చెయ్ జమునా, చేసి ఏమని చెప్తావ్, దగ్గర్లనే ఉన్న అని దానిమీద ఇంకో అబద్ధమా, లేకపోతే ఇంట్లో కూర్చుని బయల్దేరినం అన్నానని ఒప్పుకుంటావా, ఆ తర్వాత ఆమె ముందు తలెట్లా ఎత్తుతావ్, మీ పప్పులో కారం తప్ప పప్పేదీ అమ్మాయ్ అని ప్రతి వారం దెప్పుతుంది, మీ దిక్కు పప్పుల చక్కెర వేస్తరు గద, గట్లనే తినుండ్రి అని నేనూ తగ్గను, ఆ వేళాకోళమంతా ఇక ఉండదు, ఏడిళ్ళలోనూ తెలుస్తుంది, మొన్న గురువారం వంతువాళ్ళు ఒక క్యారియర్ మర్చిపోయారని నేనే కదా అంతెత్తున లేచి, మనుషుల పానాలతో ఆటలా మీకు అని అరిచింది, ఇప్పుడు వాళ్ళు నవ్వరా, నవ్వుతారు, నవ్వనీ, ఏమో, బస్సు కదిలిందా, కదల్లేదు, కోటేశ్వరమ్మగారి గదిలో ఇప్పుడు ఫ్యాను తిరుగుతుంటుంది, కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చెవులు ఇటే పెట్టి ఉంటుంది, మా అమ్మ లక్ష్మీనర్సమ్మ కూడా ఇట్లాగే, అవ్వ అనే పిలిచేదాన్ని, రజని కడుపులో ఉన్నప్పుడు సిద్దిపేట దాటి ఊరికి పోతూ, పోతూ ఏంటి, ఇంకా ఇక్కడ జడ వేసుకుంటూ బయల్దేరిన అవ్వా అని పక్కింటి ఫోన్‌కి చెప్పాను, పొద్దున చెప్పినదాన్ని దీపాలు పెట్టే వేళకు పోయాను, చూస్తే వండిన గిన్నెలు వండినట్టే ఉన్నాయి, అవ్వ మూతులు కూడా తీయలేదు, నువ్వు బయల్దేరిన అంటివి గద బిడ్డా, నువ్వొచ్చినంక తిందామని కూసున్న అంది, నేను నవ్వేశాను, పిచ్చిదానివా ఏంది, తినకపోయినవ్ అని పైనుంచి కసిరాను కూడా, ఆ పొద్దు ఆమె ఎన్నిసార్లు వాకిట్లోకి వచ్చి చూసిందో ఎవరు లెక్కపెట్టారు, అవ్వకు ఆకలి ఒక్కటే, ఈమెకు ఒంట్లో మందుంది, ఆ మందు నా కోసం ఆగదు, పరువట పరువు, కాల్చనా దాన్ని, నంబరు నొక్కాను.

రింగు, ఇంకో రింగు, ఇంకోటి, ఎత్తమ్మా, ఎత్తు తల్లీ, ఆరో రింగుకు హలో, ఆపరేటరమ్మ హలో గంట కొట్టినట్టుండాలి, ఇది పలకడానికే బద్ధకిస్తున్నట్టుంది, వచ్చేశావా జమునా, మెట్ల దగ్గరున్నావా, చెయ్యి కాస్త వణుకుతోందే అంటోంది, లేదమ్మా, నేను రాలే, ఇంక నాంపల్లిలనే ఉన్న, నేను అబద్ధం చెప్పిన, మీకు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పప్పు గూడ దింపలే, అన్నాను, అనేశాను, ఆటో డ్రైవర్ తిరిగి చూశాడు, పక్క బైకు మీది మొగుడూ పెళ్ళాలూ చూశారు, చూడనీ, అమ్మా ఇంట్ల చక్కెరున్నదా, షుగరు మనిషి కొంపలో చక్కెరేమిటే, బిస్కెట్లు, చీమలు పడుతున్నాయని మీ రజని చేతే పారేయించాను కదా, పక్కింటోళ్ళు, ఊరెళ్ళారు, ఇంకేమన్న తీపి వస్తువు, జల్ది చెప్పమ్మా, అంటూనే నేను ఆటో దిగిపోయాను, చేతికొచ్చిన నోటు సీటు మీద పడేశాను, ఉరుకమ్మా ఉరుకు అంటున్నాడు డ్రైవర్, అప్పుడన్నది, దేవుడి దగ్గర బెల్లం ముక్క ఉంది, కానీ ఇంకా నైవేద్యం పెట్టలేదే, నాకు ఏడుపూ నవ్వూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి, నైవేద్యం గీవేద్యం ఏంది నా తల్లీ, దేవునికి నేను చెప్పుకుంట, ఆయన నన్నడుగుతడు, నువ్వు ముందు నోట్లేసుకో అని అరిచాను, మీరు గీరు అన్నీ పోయాయి, అరుస్తూనే పరిగెత్తుతున్నాను.

ఎన్నడు పరిగెత్తాను నేను, ఏడో తరగతిలో పరిగెత్తాను, ఇప్పుడు నలభై ఆరేళ్ళకు, ఒక చేత్తో క్యారియర్, ఒక చేత్తో ఫోన్, కొంగు నడుముకు దోపి, ఫోన్ పెట్టెయ్యకు అమ్మా, మాట్లాడుతనే ఉండు, దేవుని కాడికి ఎన్నడుగులు, ఏడు, అయితే లేచి లెక్కబెట్టు, ఒకటి అంది, రెండు అంది, నేను ఆబిడ్స్ చౌరస్తాలోకి వచ్చి పడ్డాను, ఆదివారం కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి, జనం వంగి ఏరుకుంటున్నారు, మూడు అంది, జరగుండ్రి జరగుండ్రి, ఒక పుస్తకానికి కాలు తగిలింది, వేరే రోజైతే వంగి కళ్ళకద్దుకునేదాన్ని, సరస్వతమ్మా మళ్ళొచ్చి మొక్కుత అన్నాను, నాలుగు అంది, అయిదు అనలేదు, అమ్మా, అమ్మా అయిదు, అయిదు చెప్పు, కోటేశ్వరమ్మా అని పేరు పెట్టి పిలిచాను, నడిరోడ్డు మీద ట్రాఫిక్ పోలీసాయన ఏమనుకున్నాడో, ఈల వేసి ఇటువైపు బండ్లన్నీ ఆపేశాడు, మినిస్టరుకు ఆపినట్టు ఆపేశాడు, నేను దాటాను, ఫోన్‌లో ఏదో గిన్నె పడి దొర్లిన చప్పుడు, నా గుండె దాంతోపాటే దొర్లింది, తర్వాత ఏమీ లేదు, తర్వాత, ఏడు అంది, ఆరు ఎప్పుడు దాటిందో, ఏడు అంది, ఇక ఆ తర్వాత వినిపించింది, బెల్లం కొరికిన చప్పుడు, పళ్ళు సగం లేని నోట్లో గట్టి బెల్లం నములుతున్న చప్పుడు, ఎన్ని పాటలు విన్నానో నా బతుకులో, ఇంత బాగా ఏదీ వినపడలేదు, నమలు తల్లీ, మొత్తం నమలు, సందులోకి తిరిగాను, మెట్లెక్కాను, ఎట్లెక్కానో అడక్కండి.

తలుపు తీసే ఉంది, దేవుడి అర కింద నేల మీద కూర్చుని ఉంది, చెమటకు జాకెట్ అంతా తడిసిపోయింది, పెదాల చుట్టూ బెల్లం అంటుకుని ఉంది, ఎవరది అంటే నేనే అన్నాను, క్యారియర్ మూత ఊడి పప్పు నా చీర మీద సగం, గిన్నెలో సగం, ఆ సగంతోనే అన్నం కలిపి మొదటి ముద్ద నా చేత్తోనే పెట్టాను, రెండోది పెట్టాను, మూడోదానికి పళ్ళెం ఇటివ్వవే, నాకు చేతులు లేవా అంది, అమ్మయ్య, గొంతు వచ్చింది, గంట మళ్ళీ మోగింది, గెలిచాం, గెలిచాం అని ఆ ఇంట్లో నాకు ఎగరాలనిపించింది, ఎగరకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను, చూడు, పుణ్యానికి అన్నం తెచ్చి శోకాలు పెడుతుందేమిటి ఈ పిల్ల అని ఆమె కూడా నవ్వింది, మెతుకులు అడ్డం పడి దగ్గింది, నీళ్ళిచ్చాను, ఎల్లేష్ ఫోన్ చేస్తే రజనిని తీసుకుని ఇటే రా, తర్వాత చెప్త అన్నాను.

మజ్జిగన్నంలోకి వచ్చాక నేనే మొదలుపెట్టాను, అమ్మా, ఇంక నా ఫోన్ నమ్మకుండ్రి, క్యారియర్ మీ ముంగట పెట్టినంకనే సూది పొడుచుకోండ్రి, అన్నం అరగంట ఆగినా సరే, ఏడిళ్ళోళ్ళకు నేనే చెప్త, నేను చేసిన పని గూడ చెప్త, ఎవరేమన్న అననీ అన్నాను, కోటేశ్వరమ్మగారు వేళ్ళు పళ్ళెం అంచుకు తుడుచుకుంటూ నా గొంతున్న వైపు తిరిగి, ముప్పై రెండేళ్ళు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నానే, లక్షల గొంతులు విన్నాను, బయల్దేరాం, వచ్చేశాం, దారిలో ఉన్నాం అన్నవాళ్ళే అంతా, లేదమ్మా ఇంకా రాలేదు, నేను అబద్ధం చెప్పాను అని తనంతట తను ఫోన్ చేసి చెప్పిన గొంతు ఇవాళే విన్నాను, మిగతా ఆరిళ్ళ రోజుల్లో నువ్వన్నట్టే చేస్తాను, నీకు మాత్రం నేను మారను, వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యి, నువ్వు బయల్దేరానన్నాకే వేసుకుంటాను అంది, వద్దమ్మా అన్నాను, మళ్ళీ వద్దమ్మా అన్నాను, ఇంకొంచెం మజ్జిగ పొయ్యి అంది, ఆ మాట అయిపోయినట్టే ఆమె లెక్కలో, పోశాను, ఇంట్లో కూరేం వండాలో కూడా నన్ను అడిగి నా జవాబు వినకుండా పోయే మనుషుల మధ్య ఇన్నేళ్ళు బతికాను, నేనూ నా మాటను పెద్దగా లెక్కచేయలేదు, నోటికొచ్చిందల్లా చెప్పాను, ఇప్పుడు ఈ మనిషి, నా ఒక్క మాటకు చావు గుమ్మం దాకా పోయి తిరిగొచ్చిన మనిషి, మళ్ళీ నా మాట మీదే సూది పొడుచుకుంటానంటోంది, నడిరోడ్డులో అందరూ వింటుండగా అబద్ధం చెప్పిన అని అరిచినప్పుడు నా పరువు పోయిందనుకున్నాను, పోవడానికి అంతకుముందు ఉంటే కదా, నాకు పరువు వచ్చింది ఇవాళే.