తీగ మీద గీత

పాప పెదవి మీద రక్తం చూసిన నాటితో దేవకమ్మ బ్లేడు ముట్టడం మానేసింది.

పదకొండు నెలల పిల్ల. పాకుతూ వచ్చి, చాప మీద తీగముక్కల నడుమ మెరుస్తున్న సగం బ్లేడును పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. చీమ కుట్టినంత గాటు, అంతే. పిల్ల కాసేపు ఏడ్చి, తర్వాత తన వేళ్ళతో తానే ఆడుకోసాగింది. దేవకమ్మకు మాత్రం రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆ గాటు కాస్త పైన, కంటి మీద పడి ఉంటే అని లెక్కలు వేసుకుంటూ పిల్లను చంక దించకుండా తిరిగింది. మొదటినుంచీ ఆమెది అదే గుణం. కానిదాన్ని అయినట్టే ఊహించుకుని వణికిపోతుంది.

ఆ తీగముక్కలు ఆమె భర్త మునిరత్నానివి. తిరుపతి నుంచి కొండకు పోయే బస్సులో టికెట్లు రాయడం అతని ఉద్యోగం. రేడియో పెట్టె సొంతంగా కట్టాలన్నది అతని పిచ్చి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మద్రాసు బజార్లలో మిలిటరీ సామాను రాసులు పోసి అమ్ముతున్నారు. తెలిసిన డ్రైవరు చేత లోపల వెలిగే గాజు వాల్వు ఒకటి, చెవులకు పెట్టుకునే గొట్టాల జత తెప్పించుకున్నాడు. అరవ పత్రికలో పడిన బొమ్మను చూసి, చెక్కపలక మీద ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాడు. తీగల తోలు ఒలిచే పని మాత్రం భార్యకు అప్పజెప్పాడు. రాగి మీద రబ్బరు, రబ్బరు మీద నూలు అల్లిక. అతను పళ్ళతో లాగితే ముందుపన్ను కొస కాస్త విరిగింది. "ఎర్రగడ్డలు ఒలిచే సేతులు నీవి. నువ్వొలిస్తే రాగికి తెలీకుండానే తోలొస్తాది" అని పొగిడి కూర్చోబెట్టాడు. ఏడో తరగతి సగంలో బడి ఆగిపోయిన దేవకమ్మకు, చాలా ఏళ్ళకు మళ్ళీ ఏదో చదువుకుంటున్నట్టు ఉండేది ఆ పని.

ఆ బడి ఆగిపోవడానికి కారణం ఆమె అక్క యశోదమ్మ. ఎనిమిదేళ్ళ కిందట తమ ఊరు ఐరాలలో నాటకాలు వేయడానికి వచ్చిన హార్మోనియం ఆయనతో అక్క మద్రాసుకు వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే నాయన మునివెంకటప్ప చిన్నకూతురి పలకా పుస్తకాలూ అటక మీద పెట్టించాడు. పెద్దకూతురి పేరు మళ్ళీ ఆయన నోట రాలేదు. ఆమెకు పాట నేర్పింది ఆయనే. మెట్ట పొలంలో, బావి నుంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలుతూ పాడుతుంటే, వెంట తిరిగి నేర్చుకున్న పిల్ల. ఆమె వెళ్ళాక ఆయన కపిల తోలాడు గానీ పాడలేదు.

ఆ నాయన ఇప్పుడు ఊపిరి జబ్బుతో దేవకమ్మ ఇంట్లోనే ఉన్నాడు. పడమటి వసారాలో మంచం. లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం.

సరిగ్గా ఆ రోజుల్లో యశోదమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. వచ్చే బుధవారం సాయంత్రం ఆరున్నరకు మద్రాసు రేడియోలో అరగంట పాడుతున్నాననీ, నాయనకు చెప్పవద్దు, చెప్పినా వినడనీ రాసింది. దేవకమ్మ దాచబోయింది. మంచం మీద నుంచి నాయన ఎవరి జాబు అని అడిగేసరికి అబద్ధం తోచక ఉన్నది ఉన్నట్టు చదివింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం గంజి తాగి గిన్నె ఇస్తూ అడిగాడు.

"మీ ఆయన కడతా ఉండాడే పెట్టె, అది మద్రాసు పలుకుతాదా?"

ఆ ఒక్క మాటకే దేవకమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు.

పెట్టె పలుకుతోంది. చిక్కల్లా గొట్టాల తీగ మూరెడే ఉండటం. పెట్టె నడింట్లో, ఏరియలు తీగ దింపిన కిటికీ దగ్గర ఉండాలి. నాయన వసారాలో ఆనుకుని కూర్చోవాలి. అంత దూరం తీగ అతికించి లాగాలి. దానికి నాలుగైదు చోట్ల తోలు ఒలవాలి. బ్లేడేమో ఇక ఇంట్లోకి రానివ్వనని పిల్ల మీద ఒట్టు పెట్టుకుంది దేవకమ్మ.

శనివారం పొద్దున పిల్లను చంకనేసుకుని పెంచలయ్య అంగడికి పోయింది. టార్చిలైట్లు, సైకిలు బెల్లులు, మిలిటరీ తుక్కు అన్నీ అమ్మే అంగడి. తీగ తోలు ఒలిచే పనిముట్టు ఏదైనా ఉందా అని అడిగితే ఆయన పట్టకారుల్లాంటివి రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

ఒకటి కొత్తది. వెండిలా తళతళలాడుతోంది. నోట్లో గుండ్రని కన్నం ఉంది. రెండోది మిలిటరీది. పిడికి తుప్పు, చూడటానికి కూడా బుద్ధి పుట్టదు. దాని రెండు కాళ్ళ మధ్య చిన్న మర ఉంది. ఆ మరను తిప్పితే నోరు ఎంత మూసుకోవాలో అంతకే ఆగుతుంది. పెంచలయ్య దేవకమ్మ తెచ్చిన తీగముక్కకు సరిపోయేలా మర బిగించి, నొక్కి, లాగాడు. రబ్బరు గొట్టంలా ఊడి వచ్చింది. లోపలి రాగి నిగనిగమంది.

"గోటితో తడిమి సూడు మా. గోరు జారిపోవల్ల. యాడైనా తగిల్తే ఆడ రాగి మీద గీత పడిందని లెక్క. గీత పడిన తీగ నిలబడదు. లాగితే ఆడనే తెగుతాది."

దేవకమ్మ తడిమింది. గోరు నూనె రాసినట్టు జారిపోయింది. కొత్తదాని సంగతి కూడా ఆయనే చెప్పాడు. దాని కన్నం సన్న తీగల కోసం చేసింది, ఈ లావు తీగను కొరుకుతుంది, చూపుకే గానీ పనికి కాదన్నాడు.

తుప్పుదే తీసుకుంది. చేతిలో పట్టుకుని గడప దాకా వచ్చింది కూడా. ఎదురుగా రోడ్డు మీద నువ్వులనూనె గిన్నె పట్టుకుని శనిపూజకు పోతున్న ముసలావిడ కనబడింది. శనివారం. ఇనుము. చంటిపిల్ల తల్లి శనివారం నాడు ఇనుము ఇంటికి తేరాదని అత్త సుబ్బులమ్మ ఏర్పేడు నుంచి వచ్చినప్పుడల్లా చెబుతుంది. మామూలు రోజుల్లో అయితే ఏమనుకునేదో గానీ, పెదవి గాటు ఇంకా మానలేదు. వెనక్కి వచ్చి దాన్ని బల్ల మీద పెట్టేసింది. సోమవారం వస్తాను, ఉంచమని అడిగింది.

"అమ్మే నాకు తగలని శని కొనే నీకే తగుల్తాదా మా?" అని పెంచలయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. సరే, ఉంచుతానన్నాడు.

సోమవారం వచ్చేసరికి అది లేదు. ఆదివారం అంగట్లో కూర్చున్న ఆయన తమ్ముడు సంగతి తెలియక రేణిగుంట రైల్వే ఆయనకు ఇచ్చేశాడు. పెంచలయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. పది రోజులు ఆగితే మద్రాసు నుంచి అలాంటిదే తెప్పిస్తానన్నాడు. బుధవారానికి రెండు రోజులే ఉందని దేవకమ్మ అంది. అయితే బ్లేడుతో మెల్లగా గీసుకోమన్నాడు. ఈ కొత్తదానికంటే బ్లేడే మేలని మరీ చెప్పాడు. దేవకమ్మ వినిపించుకోలేదు. తళతళలాడేదాన్ని కొంగున కట్టుకుని ఇంటికి వచ్చింది.

మంగళవారం మునిరత్నం కొండ మీద ఉన్నాడు. దేవకమ్మ పిల్లను ఊయలలో వేసి, ఒక కాలితో ఊపుతూ ఒలవడానికి కూర్చుంది. మొదటి మూడు చోట్లా జాగ్రత్తగా, సగం నొక్కి సగం లాగి, ఎలాగో రాగికి తగలకుండా తీసింది. నాలుగోది మంచం పక్క అతుకు. నొక్కుతుండగా పిల్ల లేచి ఏడ్చింది. చేయి బిగిసింది. తోలు వచ్చాక గోటితో తడిమితే గోరు ఆగింది. వెలుతురుకు పెట్టి చూస్తే రాగి చుట్టూ వెంట్రుకంత గీత, మెరుస్తూ.

ఆ ముక్క కోసేసి మళ్ళీ ఒలవాలి. కోస్తే తీగ రెండు వేళ్ళు తగ్గి మంచానికి అందదు. ఇంకో తీగ కావాలంటే బజారుకు పోవాలి. పిల్ల చూస్తే ఆగడం లేదు. ఒక్క అరగంట పనికి ఆగదా అనుకుంది. మెలిపెట్టి, పైన గుడ్డపేలిక చుట్టి, దారంతో కట్టేసింది. రాత్రి భర్త వచ్చి బాగా చేశావన్నాడు. గీత సంగతి ఆమె చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం నుంచే నాయన తీరు మారింది. ఉతికిన తువ్వాలు కావాలన్నాడు. ముఖం కడిగించుకున్నాడు. ఆరుగంటలకల్లా దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మునిరత్నం గొట్టాలు తన చెవులకు పెట్టుకుని, బిరడా తిప్పి తిప్పి, మద్రాసు దొరకగానే పరుగున వచ్చి మామకు తగిలించాడు. ఉన్నది ఒక్క జతే. ఇక ఆయనకు వినిపించేదేదో ఆయనకే.

ఆయన చేయెత్తాడు. వస్తోందని. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

వాళ్ళు చూడగలిగింది ఆయన ముఖాన్నే. కొంచెంసేపటికి కుడిచేతి వేళ్ళు తొడ మీద తాళం వేయసాగాయి. ఎనిమిదేళ్ళకు ఆ వేళ్ళు ఆడటం చూసి దేవకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నడుమ ఒకసారి దగ్గు వచ్చి పక్కకు ఒరిగాడు. మళ్ళీ సర్దుకున్నాడు. వేళ్ళు ఆగాయి. కళ్ళు మాత్రం తెరవలేదు. అంతలో పిల్ల మంచం కోడు పట్టుకుని నిలబడబోతే దేవకమ్మ గబుక్కున అందుకుని, ఎత్తుకుని, పాలకు ఏడుస్తుంటే అటు తిరిగి కూర్చుంది. మళ్ళీ ఇటు చూసేసరికి, తిరిగి ఆడిన వేళ్ళు అప్పుడే ఆగుతున్నాయి.

ఏడుగంటలు కావస్తుండగా ఆయనే గొట్టాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాగనే పాడింది" అన్నాడు. అని పడుకున్నాడు.

మునిరత్నం ఆశగా గొట్టాలు చెవులకు పెట్టుకున్నాడు. పిసరంత శబ్దం లేదు. పెట్టె దగ్గరకు పోయి చూశాడు, వాల్వు వెలుగుతూనే ఉంది. తీగ వెంబడే వేళ్ళతో తడుముకుంటూ మంచం దాకా వచ్చి, గుడ్డపేలిక విప్పాడు. రాగి రెండు ముక్కలై ఉంది. సరిగ్గా గీత పడినచోట.

అతను నోరు తెరవబోయాడు. దేవకమ్మ అతని చేయి గట్టిగా పట్టుకుని వద్దని తలాడించింది.

అది ఎప్పుడు తెగింది? దగ్గినప్పుడా, ఆఖర్న గొట్టాలు తీసినప్పుడా? అడిగితే నాయన చెప్పేవాడేమో. వినపడలేదంటాడేమోనని అడగలేకపోయింది. రేపు అడుగుదాం, ఆయాసం తగ్గాక అడుగుదాం అనుకుంటూనే ఇరవై రెండు రోజులు గడిపింది. ఇరవై మూడో నాటి తెల్లవారుజామున నాయన పోయాడు.

దినాలకు యశోదమ్మ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, అనేవాడే లేడు. జనం వెళ్ళాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ వసారాలోనే, ఖాళీ నులకమంచం పక్కన కూర్చున్నారు. యశోదమ్మ చెల్లెలి పిల్లను ఒళ్ళో వేసుకుంది. నాయన విన్నాడని మరిది చెప్పాడట. ఆ మాట పట్టుకునే ఇక్కడి దాకా రాగలిగానంది.

"మొదటి రెండూ వాళ్ళు పాడమన్నేవి దేవకీ. మూడోది నేనే అడిగి పెట్టించుకున్నా. నాయన కపిల పదం. దాన్ని ఇన్నాడు గదా? ఏమన్నాడు?"

దేవకమ్మ అక్క ఒళ్ళోని పిల్ల జుట్టు సర్దింది.

"బాగనే పాడింది అన్నాడక్కా."

అది నిజమే. నాయన అన్న మాటే. యశోదమ్మ కళ్ళు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత తేలికపడ్డదానిలా వెనక్కి ఆనుకుంది. గీత సంగతి, శనివారం సంగతి, గుడ్డపేలిక సంగతి దేవకమ్మ నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయాయి. చెబితే తన బరువు దిగుతుంది, అక్క మీద పడుతుంది. చెప్పకపోతే తనతోనే ఉంటుంది. ఉండనీ అనుకుంది.

పిల్లకు నిద్ర పట్టించడానికి యశోదమ్మ మెల్లగా ఆ కపిల పదమే ఎత్తుకుంది. పిల్ల వీపు మీద ఆమె అరచేయి తాళం వేస్తోంది. ఎద్దులు వెనక్కి నడిచేటప్పుడు నిదానం, బావిలో బాన నిండి ముందుకు దిగేటప్పుడు వడి. ఆ తాళం మరి దేనికీ రాదు.

దేవకమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. ఆ బుధవారం దగ్గు తర్వాత మళ్ళీ ఆడిన నాయన వేళ్ళు ఇలాగే నిదానంగా మొదలై వడిగా దిగాయా? అలా దిగి ఉంటే ఆయన విన్నట్టే. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా ఆమెకు కనబడింది పాప తల, దాని మీద తన చేయి. ఆ కాసేపూ తను అటు తిరిగి కూర్చుని ఉంది.