గోడ మింగిన మట్టి

దసరాకు ఇల్లు అలుకుతూ నాగరాణి వెనక గోడ నెర్రె దగ్గర ఆగిపోయింది. ఏటా దాన్ని మట్టితో పూడ్చేది తనే. కాపురానికి వచ్చిన కొత్తలో పిడికెడు సరిపోయేది. నిరుడు తట్టెడు పట్టింది. ఈసారి మూడో తట్ట కూడా మింగి, గోడ ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

గోడ అవతల ఒకప్పుడు గుట్ట. గ్రానైటు కోసం లారీలు వచ్చినన్నాళ్లూ ఊరు జాతరలా ఉండేది. చాయ్ హోటళ్లు, కిరాయి గదులు, ఎక్కడెక్కడి మనుషులో. పనికి దగ్గరని మగవాళ్లు గుట్టను ఆనుకునే ఇళ్లు కట్టారు. "చెప్పులు తొడిగే పనే లేదు" అని మురిసేవాడు ఆమె భర్త గుర్వయ్య. పేల్చే ముందు ఈల వినబడితే అటక మీది గిన్నెలు దించడం, తర్వాత దుమ్ము కడిగి మళ్లీ సర్దడం ఆడవాళ్ల వంతు. దాన్ని పని అని ఎవరూ అనలేదు. గుట్ట అరిగి గుంతయింది. రాయి అయిపోయాక యంత్రాలు పోయాయి, హోటళ్లకు తాళాలు పడ్డాయి, గుంతలో నీళ్లు నిండాయి. ఇప్పుడు పేలుళ్లు లేవు. మరి నెర్రె ఎందుకు పెరుగుతోంది?

ఆ మాటే అడిగితే గుర్వయ్య నవ్వాడు. "బతుకంత బండ కొట్టినోన్ని. గోడ సంగతి నువ్వు నాకు జెప్తవా? జర గట్టిగ మెత్తు."

ఆ గోడకు ఆనించే అత్త జంగమ్మ మంచం. నడుము పడిపోయి లేవలేదు గానీ, నోరు మాత్రం అందరికంటే ముందే లేస్తుంది. "మా కోడలికి మట్టి మెత్తుడు గూడ శాతగాదు" అని ఇన్నేళ్లూ దెప్పింది ఆమే.

నాగరాణి బురద చేతులు గోడకు ఆనించింది. అరచేతుల కింద సన్నగా ఏదో కదిలింది, అవతల నుంచి ఎవరో గోళ్లతో గోకుతున్నట్టు.

చేతులు కడుక్కుంది. గ్యాస్ బండను దొర్లించుకుంటూ పోయి, గుంతకు దూరంగా, ఊరి పైన మూతబడ్డ హోటల్ అరుగు ఎక్కించింది. స్టవ్వు కోసం తిరిగొస్తే గుర్వయ్య గడపలో అడ్డం నిలబడ్డాడు.

"యాడికే?"

"ఇయాల్టి సంది వంట గాడ. ఆకలైతే గాడికే రా."

"ఊర్లె నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వెటోళ్లకు గూడ వండుత."

అతన్ని తప్పించుకుని లోపలికి పోయి, అత్తను లేపి తీసుకుపోదామని ఆమె చంకల కింద చేతులు పెట్టింది. తిట్టు పడుతుందని పళ్లు బిగబట్టింది. జంగమ్మ ఆమె మెడను గట్టిగా వాటేసుకుంది.

"ఎండకాలం సంది గీ గోడ పండ్లు కొరుకుతాంది బిడ్డా. వానికి జెప్పిన. నన్ను జూసి గూడ గట్లనే నవ్విండు."