తొట్టి నిండాక

హాతీరాం బోరింగు కొడుతూనే ఉన్నాడు. తొట్టి ఎప్పుడో నిండింది, నీళ్ళు పొర్లి బొప్పాయి పాదులోకి పారుతున్నాయి. పర్ణశాల దారిలోని ఆ ఆశ్రమ పాఠశాలలో ఆయన కామాటి. ఊడ్వడం, నీళ్ళు పట్టడం, గంట కొట్టడం ఏళ్ళ తరబడి ఆయన పనే. మనిషి సన్నం, చేతులు మాత్రం పారకర్రల్లా గట్టివి. ఎండకు కాలే ఇనుప పిడికి ఎర్ర తువ్వాలు చుట్టి పట్టుకుంటాడు.

ఎదుటి వరండాలో సరళ టీచర్ ఇంగ్లీషు పాఠం. ఇంకా జరుగుతున్న పనిని ఎలా చెప్పాలో నేర్పడానికి ఆమెకు పుస్తకం కంటే హాతీరామే అక్కరకొచ్చాడు. తాత ఏం చేస్తున్నాడని అడిగితే పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఆయన్ని చూస్తూ, "హాతీరాం ఈజ్ పంపింగ్ వాటర్" అంటారు. తన పేరు ఇంగ్లీషులో మొదటిసారి విన్న రోజు ఆయన తండా అంతా తిరిగి చెప్పుకున్నాడు.

ఆఖరి పిల్ల చెప్పేదాకా మాత్రం చెయ్యి ఆపడు. ఎందుకని టీచర్ ఓసారి అడిగింది.

"నేనాపితే పిల్లలు అబద్ధమాడినట్టయితది గద టీచరమ్మా."

పిల్లలు పగలబడి నవ్వారు. సరళ మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ పాఠం చెప్పేటప్పుడల్లా ఆమె గొంతులో ఏదో భక్తి ఉండేది.

ఇవాళ మోతీ ఒక్కతే మిగిలింది. నోట్లో నాలుక లేని పిల్ల. రోజూ లేచి, తల దించుకుని, మళ్ళీ కూర్చునేది. హాతీరాంకు పొద్దుటి నుంచి ఛాతీ పట్టేసినట్టుంది. బడి అయ్యాక భద్రాచలం దవాఖానాకు పోదామనుకున్నాడు.

"చాలు హాతీరాం, కూర్చో. ఏందా చెమటలు?" అంది టీచర్.

"ఆ పిల్లను గూడ చెప్పనీయి టీచరమ్మా."

మోతీ లేచింది. పైకీ కిందికీ ఆడుతున్న ఆ చేతులనే చూస్తూ పెదవులు కదిపింది.

"హాతీరాం... ఈజ్... పంపింగ్... వాటర్."

వరండా అంతా చప్పట్లు.

"అవ్ బిడ్డా, అవ్!" హాతీరాం ముఖం విప్పారింది. పిడి వదిలి, గట్టు మీద కూర్చుని, తొట్టి గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఎంతకీ లేవకపోతే టీచర్ పరుగున వచ్చి భుజం కదిపింది. అప్పటికే ప్రాణం పోయింది.

అందరూ ఆయన చుట్టూ మూగారు. మోతీ మాత్రం బోరింగు దగ్గరికి వెళ్ళింది. ఎగిరి పిడి అందుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి లాగింది. నీళ్ళొచ్చాయి. ఏడుస్తూనే మళ్ళీ లాగింది.

"నేను అబద్ధమాడలే టీచర్," అంది.

ఆమె వేళ్ళ కింద ఎర్ర తువ్వాలు ఆయన చెమటతో ఇంకా తడిగానే ఉంది.